టవర్లు మూగవోయిన నాడు

2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణముపై విరుచుకపడినది. చెట్లు కూలినవి, విద్యుత్ స్తంభములు ఒరిగినవి, వానితోడనే సెల్‌ఫోను టవర్లును మూగవోయినవి. ప్రతివాని చేతిలోను ఫోను కలదు. మాటాడుటకు మార్గము లేదు. పొరుగు పేటలోని బంధువుల క్షేమము తెలియక జనులు దినములకొలది తల్లడిల్లిరి. పదేండ్ల పిమ్మట, 2024 సెప్టెంబరు మొదటి దినములలో, బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ ప్రాంతమును ముంచెత్తినప్పుడు మేడలపై చిక్కుకొన్నవారికి ఆహారపు పొట్లములను డ్రోనులతో చేరవేయవలసి వచ్చినది. పొట్లము మోయు యంత్రము దొరకినది గాని, కరెంటు లేక ఫోను ఆరిపోయిన యింటిలో పసిబిడ్డకు పాలు కావలెనో, వృద్ధునకు మందు కావలెనో తెలుపు సాధనము దొరకలేదు.

విశాఖ సముద్రతీరము, బెజవాడ నదీతీరము, మాకేమి భయమని హైదరాబాదు హైటెక్ సిటీ వాసులు తలపవచ్చును. 1908 సెప్టెంబరు 28న మూసీ వేలాదిమందిని పొట్టనబెట్టుకొన్న సంగతి పాతకథయని త్రోసివేసినను, 2020 అక్టోబరు 13వ తేదీ మొన్న మొన్నటిదే కదా! నాడు ఘట్‌కేసరు ప్రాంతమున 32 సెంటీమీటర్ల వాన కురిసినది. చెరువులకు గండ్లు పడినవి. పెక్కు కాలనీలు దినములతరబడి నీట నిలిచినవి. 1998లో సైబర్ టవర్స్ వెలసినది మొదలు మాదాపూరు, కొండాపూరు, గచ్చిబౌలి ప్రాంతములలో బండరాళ్లు పోయి ఆకాశమునంటు మేడలు లేచినవి. ఆ మేడలలో లిఫ్టు, నీటిమోటారు, కావలివాని ఫోను, సర్వమును విద్యుత్తుపై ఆధారపడినవే. టవర్లకు బ్యాటరీలు కలవు గాని, వాని ఆయువు గంటలలో లెక్కింపవలసినది. ప్రపంచమునకెల్ల కంప్యూటరు విద్యను వ్రాసియిచ్చు ఈ పట్టణము, తన పదునాల్గవ అంతస్తులోని వృద్ధురాలి మాటను క్రింది వీధికి చేర్పజాలని దినము వచ్చినచో అంతకన్న సిగ్గుచేటు వేరొకటి యుండునా?

దీనికి చౌకయైన ఉపాయ మొకటి కలదు. మెష్ రేడియో యనబడు ఈ యంత్రము అరచేతిలో ఇముడును; ధర కొలది వేల రూపాయలు. లోరా యను పద్ధతిని అత్యల్పశక్తితో చాలదూరము సందేశములను పంపును. దీనిని నడపు మెష్‌టాస్టిక్ అను ఉచిత సాఫ్టువేరు 2020లో ఆరంభమైనది. ఫోనులో వ్రాసిన వాక్యమును ఈ రేడియో బ్లూటూత్ మూలమున అందుకొని గాలిలోనికి విడుచును. దానిని విన్న మరియొక రేడియో తిరిగి పలుకును. దానిని వేరొకటి అందుకొనును. టవరు అక్కరలేదు, ఇంటర్నెట్టు అక్కరలేదు. పాకకు నిప్పంటుకొన్నప్పుడు బావినుండి యింటివరకు ఊరివారు వరుసగా నిలిచి నీటికడవలను చేతులు మార్చుట మనమెరిగినదే. ఇదియు అట్టి వరుసయే.

అయితే దీని హద్దులను గూడ చెప్పకుండుట న్యాయము కాదు. ఛాయాచిత్రములు పోవు, కంఠస్వరము పోదు. ఒక్కొక్క సందేశము ఇన్నూరు బైట్లకు కొంచెము మించినంత మాత్రమే. తెలుగున ఒక్కొక్క లిపిసంకేతమునకు మూడు బైట్లు పట్టును గావున ఇంచుమించు డెబ్బది సంకేతములతో సరిపెట్టుకొనవలెను. "రెండవ బ్లాకు, ఏడవ అంతస్తు, ఇన్సులిను కావలెను" అనుటకు ఇది చాలును. సందేశము సాధారణముగ మూడుమారులు చేతులు మారి ఆగిపోవును. ఏడింటికి మించి పెంచ వీలులేదు. కాంక్రీటు గోడలు రేడియో తరంగములను క్షీణింపజేయును గావున, డాబాపై నీటితొట్టె ప్రక్కన చిన్న సౌరఫలకముతో ఒక రేడియోను నిలుపుట ఆవశ్యకము. చట్టమును అడ్డురాదు. 2005లో కేంద్రప్రభుత్వము 865 నుండి 867 మెగాహెర్ట్జుల పౌనఃపున్యమును పరిమితశక్తికి లోబడి లైసెన్సు లేకయే వాడుకొన ననుమతించి, 2021లో దానిని 868 వరకు పెంచినది. అమెరికాకై 915 మెగాహెర్ట్జులకు చేసిన యంత్రమును మాత్రము తెచ్చి యిచట వాడరాదు.

రేడియోచే ప్రాణరక్షణ మన నగరమునకు క్రొత్తవిద్య కాదు. 1983లో హైదరాబాదుననే నెలకొల్పబడిన జాతీయ అమెచ్యూరు రేడియో సంస్థకు చెందిన శ్రీమతి భారతీ ప్రసాద్ 2004 డిసెంబరులో రేడియో యాత్రకై అండమానులకు వెళ్లియుండగా, 26వ తేదీన సునామీ సంభవించినది. తక్కిన మార్గములు తెగిపోయినవేళ ఆమెయు, సహచరులును పోర్టుబ్లెయిరునుండి ద్వీపవాసుల క్షేమవార్తలను దేశమునకు అందజేసిరి. వారు పరీక్ష నిచ్చి లైసెన్సు పొందినవారు. ఈ చిన్న రేడియోకు పరీక్షయు అక్కరలేదు. అక్కరయైనది ముందుచూపు ఒక్కటే.

యంత్రము కొని పెట్టెలో దాచినంతమాత్రమున ఫలములేదు. నీరు గుమ్మమెక్కిన పిమ్మట బ్లూటూత్ కలుపుట నేర్వలేము. ప్రతి అపార్టుమెంటు సంఘమును డాబాపై ఒకటి, కావలివానికడ ఒకటి, కార్యదర్శికడ ఒకటి రేడియోలను ఉంచవలెను. ఇందులకగు వ్యయము వినాయకచవితి దీపాలంకరణమున కగుదానికన్న హెచ్చుకాదు. నెలకొక ఆదివారము ఒక గంటసేపు ఫోనులకు సెలవిచ్చి, రేడియోతోడనే సందేశములు నడిపి చూడవలెను. సైబరాబాదు పోలీసువారును ఐటీ సంస్థలును కలిసి నెలకొల్పుకొన్న భద్రతామండలి ఈ వరుసలను ఒకదానితో నొకటి కలిపి, వాని కొసను పోలీసు, అగ్నిమాపక శాఖల కంట్రోలురూములకు చేర్చుట ఉచితము. విన్నవాడు రాకున్న పిలుపువలన ప్రయోజనమేమి?

మరియొక్క మాట. వరద మొదట ముంచునది మేడను కాదు. మేడను కట్టుచున్న కూలీల రేకులపాకను, చెరువుక్రింది బస్తీని. గోడకు లోపలనే ఆగిపోయిన వరుస వరుస కాదు. ప్రతి పెద్ద సంఘమును తన ప్రక్కనున్న బస్తీకి ఒక రేడియోనిచ్చి, అచటి యువకునకు దానిని నేర్పుట ధర్మమే గాక స్వప్రయోజనము కూడ. వరుసలో నిలిచిన ప్రతి రేడియోయు తక్కినవారి మాటను మోయుచునే యుండును గదా!

మృగశిరకార్తె ప్రవేశింపకముందే రైతు చెరువుగట్టు చూచుకొనును. నగరవాసులును ఆపాటి జాగ్రత్త వహింపవలెను.