జూరాల చేపకి ఎన్ని నక్షత్రాలు?

శనివారం తిమ్మప్ప వారం. మల్దకల్‌లో చాలా ఇళ్లలో ఆరోజు నీసు మాటెత్తరు. ఆ లోటంతా ఆదివారం తీరాలి! అందుకే తెల్లారేసరికి చర్చ మొదలు... కోడి తెచ్చి ఇంట్లోనే వండుకుందామా, జూరాల పోయి చేపలు తిందామా?

ప్రశ్న చిన్నదే. ఖర్చే చిన్నది కాదు. గద్వాల మీదుగా పోయి రావడానికి పెట్రోలు, నలుగురికి భోజనాలు, పైగా ఒక పూట. కూలి మీద బతికే ఇంటికి అది తేలిగ్గా తీసేసే మొత్తం కాదు. మరి అంత పెట్టి వెళ్లదగ్గ రుచేనా?

ఇలాంటి తూకానికి ఓ పాత లెక్క ఉంది. టైర్ల కంపెనీ మిషెలిన్ 1900లో ఫ్రాన్స్‌లో వాహనదారుల కోసం ఓ పుస్తకం వేసింది. తర్వాత్తర్వాత హోటళ్లకి నక్షత్రాలివ్వడం మొదలుపెట్టింది. ఒక నక్షత్రమంటే దారిలో ఉంటే ఆగొచ్చు. రెండంటే దారి మళ్లి వెళ్లొచ్చు. మూడంటే కేవలం దానికోసమే ప్రయాణం కట్టొచ్చు. 2024లో ఆ పుస్తకం మొదటిసారి మెక్సికోని చుట్టొచ్చింది. పేరుమోసిన షెఫ్ ఎన్రికే ఓల్వెరా రెస్టారెంట్ 'పుజోల్'కి రెండు నక్షత్రాలిచ్చింది. అందులో వింత లేదు. వింతల్లా మెక్సికో సిటీలో 1968 నుంచి నడుస్తున్న 'ఎల్ కాలిఫా దె లియోన్' అనే టాకోల కొట్టుకీ ఓ నక్షత్రం రావడమే! చిన్న గది. నిలబడి తినాల్సిందే. మక్కరొట్టెలో మాంసం పెట్టి ఇస్తారు. దొరికేవి నాలుగే రకాలు.

జూరాల ప్రాజెక్టు దగ్గరి చేపల హోటళ్లకీ ఆర్భాటం లేదు. వేపుడు, పులుసు... పేరంతా వీటిదే. చిత్రమేమిటంటే ఆ పులుసులో ఘాటుకీ మెక్సికోతో చుట్టరికముంది. మిరప పుట్టిల్లు అదే. 16వ శతాబ్దంలో పోర్చుగీసు ఓడలెక్కి మన దేశానికొచ్చింది. చింతపండు పులుపుతో జత కట్టి మనదైపోయింది.

అయితే మసాలా ఎక్కడైనా నూరొచ్చు. జూరాల దాకా వెళ్లేది కృష్ణ చేప కోసం. చిక్కంతా అక్కడే ఉంది. జనం ఎగబడేది ఎప్పుడు? ఎగువ నుంచి వరదొచ్చి, నీటిమట్టం 1045 అడుగులకి చేరువై, గేట్లెత్తినప్పుడు. సరిగ్గా అప్పుడే నదిలోకి వెళ్లొద్దని అధికారులు జాలర్లని హెచ్చరిస్తారు. వల పడని రోజున వందల ప్లేట్లు నిండాలంటే చేప ఎక్కణ్నుంచి రావాలి? చెరువు చేపో, ఐసు పెట్టెలోదో అయినా వింత లేదు. అది తినకూడనిదేం కాదు. కానీ దానికోసం జూరాల దాకా ఎందుకు?

తొట్టిలో బతికున్న కొర్రమీను కనిపించిందని నమ్మేయకండి. మన రాష్ట్ర చేప గట్టి పిండం! గాలి కూడా పీల్చుకోగలదు కాబట్టి ఎక్కడి చెరువు నుంచైనా ప్రాణంతోనే దిగుతుంది. రవ్వ, బొచ్చె అయితే మొప్పలు ఎత్తి చూడండి. ఎర్రగా ఉండాలి. కళ్లు తేటగా ఉండాలి. వేలితో నొక్కితే కండ మళ్లీ పైకి లేవాలి. ఇవి తాజాదనానికి గుర్తులు. ఏ నీళ్లదో మాత్రం అడిగి తెలుసుకోవాల్సిందే. ధర ప్లేటుకా, కిలోకా అన్నదీ కూర్చోకముందే తేల్చుకోవాలి.

ఇంతకీ వెళ్లొచ్చా? గేట్లెత్తిన రోజున నీళ్లు చూడ్డానికి వెళ్లండి. ఆకలైతే తినండి. ఆరోజుకి ఒక నక్షత్రం. వరద తగ్గి, వలలు మళ్లీ నీళ్లలో పడ్డాక గద్వాలలో పనుంటే అటు తిరగండి. అప్పుడు రెండు. పని మానుకుని, అప్పు చేసి మాత్రం వద్దు. మరి మూడో నక్షత్రం? 'ఇవాళ ఏట్లో చేప పడలేదు, రేపు రండి' అని చెప్పి పంపే హోటలుందే... దానికోసం దాచి ఉంచండి!