ఎవరిపై ఈ యుద్ధము?

ఒకే సరకును రెండు తక్కెడలతో తూచు అంగడివానిని మనము నడివీథిలో నిలబెట్టి అడుగుదుము. అమెరికా శాసనసభ 1986లో ఆ పనినే చేసి దానికి న్యాయమని పేరు పెట్టినది. కొకెయిను పొడి 500 గ్రాములు అమ్మజూపినవానికి ఎంత శిక్షయో, ఆ పొడినే వంటసోడాతో కాచి గడ్డకట్టించిన 'క్రాకు' 5 గ్రాములవానికిని అంతే శిక్ష. తక్కువలో తక్కువ అయిదేండ్ల చెర! పొడి ధనికుల విలాసము. క్రాకు పేదల పేటలలో చిల్లరగా అమ్ముడుపోవునది. క్రాకు నేరమునకు ఫెడరల్ చెరలకు పోయినవారిలో అత్యధికులు నల్లజాతివారే. ఈ నూరింతల భేదమును 2010లో పదునెనిమిదింతలకు తగ్గించి సంస్కరణమని చాటుకొనిరి. పదునెనిమిదింతలు మాత్రము ఏ ధర్మశాస్త్రమున నున్నదో!

యూజీన్ జరెకీ 2012లో వెలువరించిన 'ది హౌస్ ఐ లివ్ ఇన్' అను డాక్యుమెంటరీ చిత్రము ఈ తక్కెడను లోకమునకు చూపినది. ఆ యేటనే సండాన్స్ ఉత్సవమున అమెరికా డాక్యుమెంటరీలలో ప్రథమ బహుమానము నందినది. ఆయన గ్రంథాలయమునుండి గాక తన ఇంటినుండియే కథ నెత్తుకొనెను. తన్ను పెంచిన నల్లజాతి వృద్ధురాలు తన కుమారుని మత్తుమందుల పాలు చేసికొని విలపించుట అందు కనబడును. 1971లో నిక్సను మత్తుమందులను దేశమునకు మొదటి శత్రువని ప్రకటించెను. అటుపిమ్మట నలుబదియేండ్లలో నాలుగున్నర కోట్ల అరెస్టులు, లక్షకోట్ల డాలర్ల వ్యయము జరిగెనని చిత్రము లెక్క చెప్పుచున్నది. మందుల వాడుక మాత్రము తగ్గలేదు.

చిత్రమున మమ్ము మిక్కిలి కలచినది అయోవా రాష్ట్రపు ఫెడరల్ న్యాయాధిపతి మార్క్ బెన్నెట్ మాట. ఎదుట నిలిచినవాడు ముఠా నాయకుడు కాడు, తన వ్యసనము తీర్చుకొనుటకు చిల్లర బేరము చేసిన అభాగ్యుడు. ఆ సంగతి ఆయనకు తెలియును. అయినను చట్టము చెప్పిన యేండ్లను చదివి వినిపింపక తప్పదు. ఇంతకును అచ్చట శిక్షను నిర్ణయించుచున్న దెవరు? ఏ నేరము క్రింద అభియోగము మోపవలెనో ఎంచుకొను ప్రభుత్వ ప్లీడరు. ధర్మాసనమునుండి దిగి వాదించువాని చేతికి పోయిన అధికారమును న్యాయమనవచ్చునా? ఈ యుద్ధమును నాజీల మారణహోమముతో పోల్చిన భాగము మాకు నచ్చలేదు. పోలిక లేకయే పాపము తేటపడుచున్నది. 1875లో శాన్‌ఫ్రాన్సిస్కో నగరము చీనావారి నల్లమందు కొట్టములను నిషేధించి, తెల్లదొరసానులు సీసాలలో త్రాగు నల్లమందు జోలికి పోకుండుటను గుర్తుచేసిన భాగమే చాలును.

ఇది పరదేశపు గోడు, మనకేల యందురా? మన 1985 నాటి మాదకద్రవ్యముల చట్టమును తిరుగవేసి చూడుడు. 20 కిలోలకు మించిన గంజాయితో పట్టుబడి నేరము రుజువైనవానికి పదేండ్లకు తక్కువ శిక్ష విధించు స్వేచ్ఛ న్యాయాధిపతికి లేదు. నిర్దోషి యని నమ్ముటకు ఆధారము కనబడినగాని బెయిలు దొరకదు. విశాఖ మన్యమున మూట మోయు కూలివానికిని, మూటకు పెట్టుబడి పెట్టినవానికిని అదే పదేండ్లు. భేదమేమన, మొదటివాడు దారిలో దొరకును, రెండవవాని పేరైనను ఆ దారిలో వినబడదు. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి చెంత రెండు లక్షల కిలోల గంజాయిని పోలీసులు తగులబెట్టిరి. ఆ పొగ చల్లారి రెండేండ్లు గడచునప్పటికి, 2024లో, 'ఈగల్' అను ప్రత్యేకదళమునే ప్రభుత్వము నెలకొల్పవలసి వచ్చినది.

మత్తును మేము వెనుకవేసికొని వచ్చుటలేదు. గంజాయి దమ్ముతో చదువు చెడగొట్టుకొనిన బిడ్డలను, వారి తల్లుల కన్నీటిని ఈ పట్టణములోనే చూచుచున్నాము. ఆ బిడ్డలకు వలసినది వైద్యుడు. మూటగాని బిడ్డలకు వలసినది పంట పండించుకొను భూమి, గిట్టుబాటగు ధర. రెండింటికిని జెయిలరు పనికిరాడు. పార్లమెంటు 2014లో ఈ చట్టమును సవరించి, తప్పనిసరియైన ఉరిశిక్షను న్యాయాధిపతి వివేచనకు విడిచినది. ఉరి విషయమున నమ్మదగిన న్యాయాధిపతిని పదేండ్ల విషయమున నమ్మరాదా? మన పార్లమెంటు సభ్యులు వోట్లకు వచ్చినప్పుడు పఠనాలయపు వాకిట ఈ ప్రశ్నకు బదులు చెప్పి లోనికి రావలయును.