గొంతులో గొట్టం ఎవరి చేతికి తగ్గట్టు?

మస్కట్‌కు పడమటి వైపు, సీబ్ విలాయత్‌లో ఉంది అల్ మవాలే. 2024లో ఖజాయిన్‌కు తరలిపోయేదాకా ఒమన్‌లో పేరున్న పళ్లు, కూరగాయల మార్కెట్ ఇక్కడే ఉండేది. జూన్ నుంచి ఆగస్టు దాకా మధ్యాహ్నం 12.30 నుంచి 3.30 వరకూ ఆరుబయట పని చేయించకూడదని ఆ దేశం నిబంధన పెట్టిందంటే ఎండ ఏపాటిదో వేరే చెప్పక్కర్లేదు. కడప నుంచో కోనసీమ నుంచో వెళ్లిన మనిషి అలాంటి చోట రోడ్డు పక్కన స్పృహ తప్పి పడిపోతే, అంబులెన్స్ దిగినవాళ్లు ముందుగా చూసేది ఊపిరి ఆడుతోందా లేదా అని. స్పృహ లేనివాడికి తన నాలుకే శత్రువు. కండరాలు సడలి అది వెనక్కి జారితే గాలి దారి మూసుకుపోతుంది. మెదడుకు ఇక మిగిలేది కొద్ది నిమిషాలు.

ఆ దారి తెరిచి ఉంచే పరికరాలు చాలానే వచ్చాయి. వాటిలో ఎక్కువ భాగం ఏసీ గదిలో, సరైన ఎత్తున్న బల్ల మీద, అనుభవమున్న మత్తు డాక్టరు వాడతారన్న లెక్కతో తయారయ్యాయి. చిక్కంతా అక్కడే ఉంది.

ఈ కథలో మన హైదరాబాద్‌కూ ఒక అధ్యాయం ఉంది. 1888, 1889లలో ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఖర్చుతో, రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ ఆధ్వర్యంలో ఇక్కడ రెండు క్లోరోఫాం కమిషన్లు పనిచేశాయి. మొదటి ఫలితాలను లండన్ పత్రిక ‘లాన్సెట్’ నమ్మకపోతే, వాళ్ల మనిషినే పంపించుకోమని నిజాం వెయ్యి పౌండ్లు ఇచ్చారు. అలా వచ్చినాయన లాడర్ బ్రంటన్. వందల జంతువుల మీద ప్రయోగాలు చేసి వాళ్లు తేల్చింది ఇదీ: క్లోరోఫాం ముందు ఊపిరిని ఆపుతుంది, గుండె ఆ తర్వాతే ఆగుతుంది, కాబట్టి మత్తు ఇచ్చేవాడు కన్నార్పకుండా చూడాల్సింది ఊపిరినే. అందులో సగం తప్పు. క్లోరోఫాం నేరుగా గుండె లయనూ దెబ్బతీయగలదని 1911లో గుడ్‌మన్ లెవీ చూపించాడు. కానీ మిగతా సగం, అంటే ఊపిరి మీద చూపు తిప్పకూడదన్న పట్టుదల, ఈనాటికీ ఆపరేషన్ థియేటర్‌లో మొదటి పాఠమే. లారీ దగ్గర క్లోరోఫాం ఇవ్వడం నేర్చిన రూపాబాయి ఫర్దూన్‌జీని ప్రపంచంలో తొలి మహిళా మత్తు డాక్టరని చెబుతారు. ఇంత చరిత్ర ఉన్న ఊళ్లో గాలి దారి పరికరం ఒక్కటీ పుట్టి లోకమంతా పాకకపోవడం చిత్రమే.

పుట్టినవన్నీ వేరే చోట్లే. 1920లలో మత్తు డాక్టరు ఆర్థర్ గ్యూడెల్ బుడగ ఉన్న ట్యూబ్‌ను శ్వాసనాళంలో పెట్టి, మత్తులో ఉన్న కుక్కను నీళ్లతొట్టిలో ముంచి, అది బతికి లేవడం అందరికీ చూపించాడు. నీళ్లు లోపలికి పోలేదంటే బుడగ పని చేసినట్టే. ఆ కుక్కకు ‘ఎయిర్‌వే’ అనే పేరు స్థిరపడిపోయింది.

అయితే ఆ బుడగకు తన ఇబ్బందులు తనకున్నాయి. అందులో ఒత్తిడి 20 నుంచి 30 సెంటీమీటర్ల నీటి మట్టం మధ్య ఉండాలి. తగ్గితే పక్కనుంచి గాలి పోతుంది. పెరిగితే నాళం గోడకు రక్తం అందక పుండు పడుతుంది, మానాక దారి ఇరుకైపోవచ్చు. రోడ్డు మీద ఒత్తిడి కొలిచే మీటర్ ఎవరి దగ్గర ఉంటుంది? సిరంజితో గాలి ఎక్కించి, బయట వేలాడే చిన్న బెలూన్‌ను బొటనవేలు, చూపుడువేలు మధ్య నొక్కి చూసి ‘చాల్లే’ అనుకోవడమే. పైగా ట్యూబ్ వేయడం ఒకరోజులో అబ్బే విద్య కాదు. యాభై మందికైనా వేస్తే గానీ చెయ్యి కుదరదని అధ్యయనాలు చెబుతున్నాయి. ఎప్పుడో గానీ ఆ అవసరం పడని ఈఎంటీకి, అంటే అంబులెన్స్ టెక్నీషియన్‌కు, అంత అభ్యాసం ఎక్కడిది?

ఈ ముడిని వదులు చేసినవాడు మత్తు డాక్టరు ఆర్చీ బ్రెయిన్. 1981లో లండన్‌లో పనిచేస్తూ, పళ్ల డాక్టర్ల దగ్గర ముక్కుకు పెట్టే గోల్డ్‌మన్ మాస్క్‌ను చూశాడు. దాని అంచు స్వరపేటిక చుట్టూ సరిగ్గా కూర్చోవచ్చని తోచింది. ట్యూబ్‌ను ఏటవాలుగా కోసి ఆ మాస్క్‌కు అతికించాడు. శవాల గొంతుల నుంచి ప్లాస్టర్ అచ్చులు తీసి ఆకారాన్ని సరిచేసుకున్నాడు. 1983లో వ్యాసం రాశాడు, 1988లో అమ్మకం మొదలైంది. అదే ఎల్‌ఎంఏ (లారింజియల్ మాస్క్ ఎయిర్‌వే). స్వర తంతువులు కంటికి కనిపించకపోయినా ఫరవాలేదు, నోట్లోంచి జార్చితే చాలావరకు తన చోటికి తానే చేరుతుంది. 2007లో వచ్చిన ఐ-జెల్‌లో ఆ బుడగ కూడా లేదు. మెత్తటి పదార్థమే గొంతు ఆకారానికి ఒదుగుతుంది. సిరంజి వెతుక్కునే పని కూడా తప్పింది.

ఫలితం? ఇంగ్లండ్‌లో ఆస్పత్రి బయట గుండె ఆగిన 9,296 మంది మీద చేసి 2018లో ప్రచురించిన ‘ఎయిర్‌వేస్-2’ పరిశోధన ఐ-జెల్‌నూ ట్యూబ్‌నూ పోల్చింది. రెండు ప్రయత్నాల్లోపు ఊపిరి అందించగలిగింది ఐ-జెల్‌తో 87.4 శాతం మందికి, ట్యూబ్‌తో 79 శాతం మందికి. మంచి స్థితిలో కోలుకున్నవాళ్లు దాదాపు సమానం: 6.4, 6.8 శాతం. తేడా లేదు కాబట్టి కొత్తదానితో ఒరిగిందేమీ లేదని పెదవి విరిచినవాళ్లూ ఉన్నారు. ఆ వాదన నిలవదు. ఏళ్ల సాధన కావాల్సిన పద్ధతీ, త్వరగా నేర్చుకోగలిగే పద్ధతీ ఒకే ఫలితమిస్తే ఊరూరా తిరిగే అంబులెన్స్‌లో ఉండాల్సింది రెండోదే. పొట్టలోది పైకి తన్నుకొచ్చి ఊపిరితిత్తుల్లోకి పోకుండా ట్యూబ్ ఇచ్చినంత రక్షణ ఎల్‌ఎంఏ, ఐ-జెల్ ఇవ్వవు, నిజమే. అందుకే ఐసీయూలో ట్యూబ్ స్థానం చెక్కు చెదరదు.

ఇక మన వంతు. హైదరాబాద్‌లో 2005 ఆగస్టు 15న మొదలైన 108 సేవ దేశానికే దారి చూపింది. విశాఖలో 270 ఎకరాల మెడ్‌టెక్ జోన్ ఉంది, కోవిడ్ కాలంలో అక్కడ వెంటిలేటర్లు తయారయ్యాయి. కానీ వెంటిలేటర్ ఎంత గొప్పదైనా రోగి గొంతు దాకా గాలిని చేర్చేది ఆ చివరి జానెడు గొట్టమే. దాని కొసన ఉండే కనెక్టర్ లోకమంతా ఒకటే, 15 మిల్లీమీటర్లు. ఏ దేశపు గొట్టమైనా ఏ దేశపు అంబూ బ్యాగుకైనా ఇట్టే అతుకుతుంది. అంటే ఇక్కడ చేసిన మంచి సరుకు మస్కట్‌లోనూ మర్నాడే పనికొస్తుంది.

కావాల్సింది విదేశీ నమూనాకు చవక నకలు కాదు. మే నెల రెంటచింతల ఎండనూ మవాలే ఎండనూ లెక్కలోకి తీసుకున్న కొత్త ఆకారం, కొత్త పదార్థం. పీవీసీ వేడికి మెత్తబడుతుంది. అందుకే కొందరు మత్తు డాక్టర్లు ముక్కులోంచి వేసే ట్యూబ్‌ను కావాలనే గోరువెచ్చటి నీళ్లలో ముంచుతారు. నీడ లేని చోట నిలిపిన అంబులెన్స్ పెట్టెలో అదే మెత్తదనం వరమో శాపమో పరీక్షించి చెప్పాల్సింది ఎవరు? ధర తక్కువ వేసినవాడికే టెండర్ కట్టబెట్టే పద్ధతిలో ఈ ప్రశ్న అడిగే తీరిక ఎవరికీ ఉండదు.

కాబట్టి టెండర్‌లో ఒక షరతు చేర్చాలి. ఎండలో నెల రోజులు ఉంచిన పరికరాన్ని, చెమట పట్టిన గ్లవ్స్‌తో, నేల మీద మోకాళ్లూని, బొమ్మ గొంతులోకి 108 ఈఎంటీ వేసి చూడాలి. కుదరకపోతే ఎక్కడ అడ్డుపడిందో రాసి, తయారుచేసినవాళ్ల బల్ల మీద పెట్టాలి. విశాఖ కింగ్ జార్జ్ ఆస్పత్రి (కేజీహెచ్) మత్తు విభాగమూ, మెడ్‌టెక్ జోనూ ఒకే ఊళ్లో ఉన్నాయి. ఈ పని మొదలుపెట్టడానికి కొత్త జీవో కోసం ఎదురుచూడక్కర్లేదు.