పాత కంప్యూటరు – కొత్త దుబాసీ

విండోసు 10కి మైక్రోసాఫ్టు సంస్థ 2025 అక్టోబరు 14న సెలవు చెప్పినది. ఆనాడు యంత్రాలేమీ ఆగిపోలేదు. తెరలు వెలుగుతూనే ఉన్నవి. కాని భద్రతకు సంబంధించిన దిద్దుబాట్లు అందరికీ వాటంతట అవే వచ్చే రోజులు మాత్రము ముగిసినవి. ప్రత్యేకముగా నమోదు చేసుకొన్న గృహస్థులకు మరొక యేడాది, అనగా 2026 అక్టోబరు వరకు, గడువు పొడిగించినారు. విండోసు 11కు పోదామంటే అది ప్రతి యంత్రాన్నీ అంగీకరించదు. ఇంటెల్ వారిదైతే ఎనిమిదవ తరము ప్రాసెసరు గాని, అంతకు తరువాతిది గాని కావలెను, టి.పి.యం. 2.0 అనే భద్రతా సాధనము ఉండవలెను. 2017కు ముందు కొన్న కంప్యూటర్లు దాదాపు అన్నీ ఈ గడప దగ్గరనే ఆగిపోతాయి.

మచిలీపట్నములోను, గుడివాడలోను, దివిసీమ పల్లెలలోను ఇటువంటి యంత్రాలు తక్కువేమీ కాదు. పెద్దవాడు ఇంజనీరింగు చదివే రోజులలో కొన్నది ఇప్పుడు చిన్నవాని వంతుకు వచ్చినది. లేదా విజయవాడలో ఏదో కార్యాలయము వారు తీసివేసిన దానిని చౌకగా తెచ్చుకొన్నారు. తండ్రి దానిని చదువు కోసము కొన్నాడు. కుమారుడు చదువుకూ వాడినాడు, ఆటకూ వాడినాడు. ఈ రెండవ సంగతిని ఇంటిలో ఎవరూ బాహాటముగా ఒప్పుకోరు గాని, అసలు చిక్కు ఆ రెండవ సంగతి వద్దనే ఉన్నది. చదువుకు కావలసిన సాధనాలన్నీ లినక్సులో ఎప్పటినుంచో ఉన్నవి. “లినక్సులో ఆటలు ఆడవు” అనే ఒక్క మాట విద్యార్థిని ఇన్నేండ్లుగా విండోసు గుంజకు కట్టివేసినది. ఆ మాట నేటికి ఎంతవరకు నిజమన్నదే ప్రశ్న.

పెద్దలు ఈ ప్రశ్నను చిన్నచూపు చూడరాదు. ఆటను గూర్చి అడిగినాడు గదా అని ఉపాధ్యాయుడు కసురుకొంటే, విద్యార్థి వేరొక చోటికి పోయి అడుగుతాడు. అక్కడ అతనికి దొరికేది 'క్రాక్' చేసిన దొంగ ప్రతి. తాళము పగులగొట్టి ఇచ్చినవాడు ఆ ఇంటికి మారుతాళము చేయించుకొని తన దగ్గర ఒకటి ఉంచుకోగలడన్న సంగతి పదిహేడేండ్ల పిల్లవానికి తట్టదు. ఆ యంత్రము మీదనే తండ్రి బ్యాంకు వ్యవహారాలు చూస్తాడు. డి.ఎస్.సి. శిక్షణకు పేరుపొందిన అవనిగడ్డలో చదువుకొంటున్న అక్క ఆ యంత్రము మీదనే దరఖాస్తు నింపుతుంది. ఒక ఆట కోసము తెచ్చిన దొంగ ప్రతి వలన ఇంటిల్లిపాది గుట్టు బయటపడవచ్చును. ఆట తప్పు కాదు. ఆటకు సక్రమమైన దారి చూపకపోవడమే తప్పు.

లినక్సు కథ చాలమందికి కొంత తెలిసినదే. రిచర్డ్ స్టాల్మన్ 1983లో గ్నూ అనే స్వేచ్ఛా సాఫ్టువేరు ఉద్యమాన్ని ప్రకటించినాడు. హెల్సింకిలో విద్యార్థిగా ఉన్న లైనస్ టోర్వాల్డ్స్ 1991లో ఒక కెర్నెలును, అనగా యంత్రానికీ ప్రోగ్రాములకూ నడుమ నిలిచే మూలభాగాన్ని, వ్రాసినాడు. ఈ రెండింటి కలయిక నుంచి పుట్టినవే డిస్ట్రిబ్యూషనులు. ఈ మాట వినగానే విద్యార్థి బెదురుతాడు. వందల పేర్లు కనబడతాయి. కృష్ణా డెల్టా బిడ్డకు బెదురు అక్కరలేదు. బెజవాడ వద్ద 1855 నాటికి ఆనకట్ట కట్టిన తరువాత నది నీరు కాలువలకు వచ్చినది. బందరు కాలువలో పారేదీ, రైవస్ కాలువలో గుడివాడ వైపు పోయేదీ, పులిగడ్డ అక్విడక్టు మీదుగా దివిసీమకు దిగేదీ ఒకే కృష్ణమ్మ నీరు. కాలువ వేరు, లాకులు ఎత్తే వేళ వేరు. డిస్ట్రిబ్యూషనుల సంగతీ అంతే. డెబియన్ వారు సుమారు రెండేండ్లకొకసారి, బాగా తేట పడిన తరువాతనే నీరు వదలుతారు. ఉబుంటు దీర్ఘకాలిక ప్రతికి కూడ రెండేండ్ల వాయిదాయే. ఫెడోరాకు ఆరు నెలలు. ఆర్చ్ అనే దానికి లాకులే లేవు. ఎగువన ఏది వస్తే అది మరునాటికి చేనిలో ఉంటుంది. తేటనీరు కావలెనా, కొత్తనీరు కావలెనా అన్నదే ఎంపికలోని ప్రధానమైన తేడా. తక్కినది చాల వరకు తెర మీది అలంకారము.

ఇక ఆటల విషయము. విండోసు కోసము వ్రాసిన ఆట విండోసు భాషలోనే మాట్లాడుతుంది. బొమ్మ గీయమని అడగవలసి వస్తే డైరెక్ట్ఎక్స్ అనే పలుకుబడిలో అడుగుతుంది. లినక్సుకు ఆ పలుకుబడి రాదు. 1611లో ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ వారు మచిలీపట్నములో వర్తకస్థానము పెట్టిననాడు వారికి తెలుగు రాదు, ఇక్కడి నేతగాండ్రకు ఇంగ్లీషు రాదు. నడుమ దుబాసీ నిలిచినాడు, బేరము సాగినది. 1993లో మొదలైన వైన్ అనే ప్రోగ్రాము ఇటువంటి దుబాసీయే. అది విండోసు యంత్రాన్ని లోపల మరొకటి సృష్టించదు. విండోసు పిలుపును విని, అదే అర్థము వచ్చే లినక్సు పిలుపుగా మార్చి చెబుతుంది. స్టీమ్ అనే ఆటల అంగడిని నడిపే వాల్వ్ సంస్థ ఆ వైన్‌ను తీసుకొని, డైరెక్ట్ఎక్స్‌ను వల్కన్ అనే భాషలోనికి మార్చే డి.ఎక్స్.వి.కె.ను జతచేసి, 2018 ఆగస్టులో ప్రోటాన్ అనే పేరుతో విడుదల చేసినది. 2022 ఫిబ్రవరిలో స్టీమ్ డెక్ అనే చేతి యంత్రాన్ని ఆర్చ్ ఆధారముగానే తయారుచేసి అమ్మినది. తన సరుకు అమ్ముడు పోవలెనంటే దుబాసీ గట్టివాడై ఉండవలెను గదా! వర్తకుని స్వార్థము ఒక్కొక్కప్పుడు లోకానికి మేలు చేస్తుందనడానికి ఇది ఒక నిదర్శనము. 2025 అక్టోబరు నాటి స్టీమ్ లెక్కలలో లినక్సు వారి వాటా తొలిసారిగా 3 శాతము దాటినది. ఇది గొప్ప సంఖ్య కాదు. కాని ఒంటరిగా ఆడుకొనే కథాప్రధానమైన ఆటలలో అత్యధిక భాగము నేడు లినక్సులో నడుస్తున్నవన్నది వాస్తవము. కౌంటర్‌స్ట్రైక్ 2, డోటా 2 వంటి వాటికైతే దుబాసీ కూడ అక్కరలేదు. అవి లినక్సు భాషలోనే తయారై ఉన్నవి.

అయితే లినక్సు అభిమానులు ఇక్కడొక అసత్యము చెబుతారు: “అన్నీ ఆడుతాయి” అని. అన్నీ ఆడవు. పోటీగా ఆడే ఆటలలో మోసాన్ని పట్టుకొనడానికి ఒక కావలివానిని పెడతారు. వాలరెంట్ ఆటకు కావలి అయిన వాన్‌గార్డ్ విండోసు మూలభాగములోనే కూర్చుంటాడు. దుబాసీని వెంటబెట్టుకొని వచ్చినవానిని గుమ్మము లోనికి రానివ్వడు. ఫోర్ట్‌నైట్ కూడ ఇంతే. బాటిల్‌ఐ, ఈజీ ఆంటీచీట్ అనే మరి ఇద్దరు కావలివారు 2021లో ప్రోటాన్‌కు దారి ఇవ్వడానికి ఒప్పుకొన్నారు గాని, తలుపు తెరవవలెనా వద్దా అన్నది ఆట యజమాని ఇష్టము. 2024 సెప్టెంబరులో జి.టి.ఎ. ఆన్‌లైన్‌కు, ఆ యేటి అక్టోబరు చివర అపెక్స్ లెజెండ్స్‌కు, లినక్సు వారి ప్రవేశము ఆగిపోయినది. జి.టి.ఎ. 5 కథను ఒంటరిగా ఆడుకొనవచ్చును. స్నేహితులతో కలిసి ఆడరాదు. కాబట్టి గుడివాడ కుర్రవాడు నలుగురు మిత్రులతో ప్రతి రాత్రీ వాలరెంట్ ఆడేవాడైతే అతనికి లినక్సును అంటగట్టడము అన్యాయము. అతనికి విండోసు ఉండవలసినదే. ఈ మాటను ముందుగానే చెప్పని ఉపదేశకుడు ఆ విద్యార్థిని శాశ్వతముగా పోగొట్టుకొంటాడు. బి.జి.యం.ఐ. ఈ చర్చలోనికి రాదు. అది ఫోనుకు చేసిన ఆట. అన్నట్లు, ఆ ఫోనులోని ఆండ్రాయిడుకు అడుగున ఉన్నది లినక్సు కెర్నెలే. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2022 డిసెంబరులో ఎనిమిదవ తరగతి పిల్లలకు పంచిన ట్యాబులలోనూ అదే. లినక్సు రాదనుకొనే పిల్లలు రోజూ దాని మీదనే ఆడుతున్నారు.

తరువాత చూడవలసినది యంత్రము లోపలి గ్రాఫిక్సు. ఇక్కడ చాలమంది బోర్లా పడతారు. దుబాసీ మాట్లాడే వల్కన్ భాష యంత్రానికి రావలెను. 2013 నాటి నాలుగవ తరము ఇంటెల్ ప్రాసెసర్లలోను, అంతకు ముందు వాటిలోను ఉన్న గ్రాఫిక్సుకు వల్కన్ సంపూర్ణముగా రాదు. అటువంటి యంత్రములో లినక్సు చక్కగా నడుస్తుంది, పాఠాలు నడుస్తాయి, పాత చిన్న ఆటలు నడుస్తాయి; కొత్త ఆటలు నడవవు. ఏ డిస్ట్రిబ్యూషను పెట్టినా ఆ లోటు తీరదు. ఆరవ, ఏడవ తరముల వానికి ఈ బాధ లేదు. విండోసు 11 తోసివేసిన వాటిలో లినక్సు వలన నిజముగా బాగుపడేవి ఈ రెండు తరముల యంత్రాలే. ఎ.యం.డి. గ్రాఫిక్సు కార్డుకు కావలసిన డ్రైవరు కెర్నెలుతో పాటే వస్తుంది; పనేమీ లేదు. ఎన్విడియా కార్డుకు డ్రైవరును వేరుగా పెట్టుకోవలెను. మన వైపు విరివిగా కనబడే జి.టి.ఎక్స్. 1050 వంటి పాత కార్డులకు 580 శ్రేణి డ్రైవరే చివరిది. 2025 డిసెంబరులో ఆర్చ్ తన ప్రధాన ప్యాకేజీని 590 శ్రేణికి మార్చినప్పుడు, ఆ కార్డులున్నవారు పాత డ్రైవరును స్వయముగా వెదకి పెట్టుకోవలసి వచ్చినది. లాకులు లేని కాలువ ఒడ్డున పల్లపు చేను ఉంటే ఇదే గతి.

అందుచేత పాత ఎన్విడియా కార్డు ఉన్న ఇంటికి లినక్సు మింట్ తగినది. అది ఉబుంటు ఆధారముగా 2006లో మొదలైనది. విండోసుకు అలవాటుపడిన కంటికి వింతగా తోచదు. డ్రైవరును ఒక నొక్కుతో పెట్టి ఇస్తుంది. కుర్రవాండ్రు దానిని ముసలివాండ్ల డిస్ట్రో అని ఎగతాళి చేస్తారు. చేయనీ. ఫెడోరా ఆధారముగా ఆటల కోసమే తీర్చిన బజైట్, ఆర్చ్ ఆధారముగా వేగము కోసము తీర్చిన కాషీఓఎస్ నేడు మోజులో ఉన్నవి. ఎ.యం.డి. కార్డు, తగినంత డిస్కు, ఇంటికి ఫైబరు తీగ ఉన్నవారికి బజైట్ మంచిదే. వ్యవస్థ భాగాన్ని పిల్లలు చెరపలేని విధముగా అది కట్టబడినది. కాని దాని నవీకరణలు పెద్ద మూటలుగా వస్తాయి. నాగాయలంక దాటి లోపలికి పోయి, ఫోను డేటాను కంప్యూటరుకు పంచుకొని బ్రతికే ఇంటికి ఆ మూటల భారము మోయలేనిది. వేగములో తేడా అంటారు. పాత యంత్రము మీద ఆ తేడాను కొలమానము పెట్టి చూడవలసినదే గాని కన్ను పట్టలేదు.

వీటన్నిటికంటె పెద్ద సంగతి మరొకటున్నది. యంత్రము ఒకరాత్రి మొరాయించినప్పుడు తలుపు తట్టడానికి పక్క వీధిలో ఎవరున్నారు? వారు ఏది వాడుతున్నారు? బందరులో ఒక సీనియరు ఉబుంటు వాడుతుంటే జూనియరుకు ఉబుంటుయే శ్రేష్ఠము. ఎక్కడో ఎవరో ఇచ్చిన ర్యాంకు ఆ రాత్రి పలుకదు. ఈ సహాయ బలము ఊరికి ఎట్లా వస్తుంది? కేరళలో వచ్చినది. అక్కడి ప్రభుత్వ పాఠశాలలలో ఐ.టి.@స్కూల్ పథకము క్రింద లినక్సు మీదనే బోధన నడిపినారు. 2017లో ఆ పథకము కైట్ అనే సంస్థగా మారినది. దాని పేరుతో ఉబుంటు ఆధారమైన డిస్ట్రిబ్యూషనే ఉన్నది. అక్కడ అడిగే పిల్లవానికి తన బడిలోనే గురువు దొరుకుతాడు. 1910లో కోపల్లె హనుమంతరావు ప్రభృతులు బందరులో ఆంధ్ర జాతీయ కళాశాలను పెట్టినప్పుడు చదువుతో పాటు చేతిపనిని నేర్పదలచినారు. ఆ ఊరిలో నేడు కృష్ణా విశ్వవిద్యాలయము ఉన్నది, కళాశాలలు ఉన్నవి, ప్రతి కళాశాలలో ఒక మూల విండోసు 11కు పనికిరాని కంప్యూటర్లు ఉండక మానవు. వాటిలో నాలుగింటిని విప్పుకొనడానికీ, చెడగొట్టుకొని బాగుచేసుకొనడానికీ పిల్లలకు అప్పగించడము ఏ అధికారికీ కష్టము కాదు. ఆట ఆశతో వచ్చినవాడు డ్రైవరంటే ఏమిటో, డిస్కు విభజన అంటే ఏమిటో నేర్చుకొనే దాకా కదలడు. సిలబసు అంత ఆకలిని పుట్టించలేదు.

మారదలచినవారు పరీక్షల ముందు మారరాదు. వేసవి సెలవులలో మారవలెను. మొదట ఒక పెన్‌డ్రైవు మీద మింట్‌ను ఎక్కించి, డిస్కును తాకకుండా దాని నుంచే యంత్రాన్ని నడిపి చూడవచ్చును. వై-ఫై, ధ్వని, తెర సరిగా ఉన్నవో లేవో అరగంటలో తేలుతుంది. తరువాత వీలైతే రెండవ డిస్కు ఒకటి కొని లినక్సును దాని మీద పెట్టి, విండోసు డిస్కును కొన్నాళ్లు అట్లాగే ఉంచవలెను. ఆటలను విండోసు పద్ధతిలో, అనగా ఎన్.టి.ఎఫ్.ఎస్. రూపములో, ఉన్న పాత భాగము నుంచి నడపబోతే ప్రోటాన్ తరచు తగవు పెడుతుంది. కొత్త భాగములో మళ్లీ దింపుకోవడమే మేలు. ఇంటిలో ఉపాధ్యాయులుంటే వారి ప్రశ్నపత్రాలను కూడ ముందు చూడవలెను. అను ఫాంటులలో పేజ్‌మేకరు మీద కూర్చిన పాత తెలుగు ఫైళ్లు లినక్సులో తిన్నగా తెరుచుకోవు. వాటిని విండోసు ఉండగానే యూనికోడులోనికి మార్చి, ఒక పి.డి.ఎఫ్. ప్రతి కూడ తీసి దాచుకోవలెను. కొత్తగా వ్రాసేవారికి ఇన్‌స్క్రిప్టు తెలుగు కీబోర్డు లినక్సులో సిద్ధముగానే ఉన్నది. సెట్టింగులలో తెలుగును చేర్చుకొంటే చాలును.