ఓఎస్ మారుస్తానంటే వద్దనకండి, షరతులు పెట్టండి



ఈ మధ్య మన రామన్నపేట బ్రాంచి కంప్యూటర్ ల్యాబ్‌లో ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలు తరచుగా అడుగుతున్న ప్రశ్న ఒకటుంది: "సార్, గేమింగ్ డివైస్‌లో ఉన్న ఓఎస్ తీసేసి వేరేది వేస్తే ఖరాబైతదా?" మీ ఇంట్లోనూ ఈ మాట వినబడే ఉంటుంది. "అంత పైసలు పోసి కొన్నం, దాన్ని కెలుకుడు ఎందుకు?" అని చాలామంది అక్కడే ఆపేస్తారు. మీ భయం న్యాయమైనదే. అయినా ఆపవద్దనే నా అభిప్రాయం. అలాగని ఊరికే ఒప్పుకోనూ వద్దు.

ముందుగా అసలు సంగతేమిటో చూద్దాం. ఓఎస్ అంటే ఆపరేటింగ్ సిస్టమ్. పరికరాన్ని నడిపించే మూల సాఫ్ట్‌వేర్. దాన్ని మార్చడమంటే మగ్గాన్ని మార్చకుండా పడుగు మార్చి వేరే రకం చీర నేసినట్టు. మన చుట్టుపక్కల నేత ఊళ్లున్న వాళ్లకు ఇంతకంటే వివరంగా చెప్పనక్కర్లేదు. పరికరం అదే, దాని పనితీరు మారుతుంది.

చేతిలో పట్టుకుని ఆడే ఈ పరికరాలు మన దగ్గర రెండు రకాలుగా కనిపిస్తున్నాయి. మొదటిది ఖరీదైనది. ఆసుస్ కంపెనీ ఆర్ఓజీ ఆలై 2023 జులైలో మన దేశంలోకి వచ్చినప్పుడు ధర 69,990 రూపాయలు. ఇది విండోస్ 11తో వస్తుంది. నిజానికి ఇది ఆటల కోసం చేసిన చిన్న కంప్యూటరే. అంతకు ముందే, 2022 ఫిబ్రవరిలో, అమెరికాకు చెందిన వాల్వ్ కంపెనీ స్టీమ్ డెక్ అనే పరికరాన్ని లినక్స్ ఆధారిత స్టీమ్ ఓఎస్‌తో తెచ్చింది. కావాలంటే అందులో విండోస్ వేసుకోవడానికి డ్రైవర్లను కూడా ఆ కంపెనీయే ఇస్తోంది. 2025లో లెనోవో తన లీజియన్ గో ఎస్‌ను విండోస్‌తోనూ, స్టీమ్ ఓఎస్‌తోనూ విడివిడిగా అమ్మింది. అంటే ఓఎస్ మార్చడం దొంగచాటు పని కాదు, కొన్ని కంపెనీలు తామే తలుపు తెరిచి ఉంచాయి.

రెండోది ఆన్‌లైన్‌లో కొన్ని వేల రూపాయలకు దొరికే ఆర్36ఎస్ వంటి చిన్న పరికరం. ఇందులో ఓఎస్ మెమరీ కార్డులోనే ఉంటుంది. కాబట్టి పాత కార్డు తీసి భద్రంగా దాచి, మంచి కంపెనీ కార్డులో కొత్త ఓఎస్ వేసి పెడితే చాలు. నచ్చకపోతే పాత కార్డు మళ్లీ పెట్టుకోవచ్చు. పిల్లలు నేర్చుకోవడానికి ఇంతకంటే తక్కువ ప్రమాదమున్న దారి లేదు. కానీ ఒక మాట. వీటి కార్డుల్లో వేల ఆటలు ఉచితంగా నింపి అమ్ముతుంటారు. అవి చాలావరకు హక్కుదారుల అనుమతి లేకుండా కాపీ చేసినవే. ఓఎస్ మార్చడం నేర్చుకోవడం వేరు, ఇతరుల కష్టాన్ని ఉచితంగా వాడుకోవడం వేరు. ఆ తేడా చెప్పాల్సింది మనమే.

అన్ని కంపెనీలూ ఒకలా ఉండవు. నింటెండో 2025 మేలో అమెరికా వినియోగదారుల ఒప్పందాన్ని సవరించి, అనుమతి లేకుండా మార్పులు చేస్తే పరికరాన్ని శాశ్వతంగా పనిచేయకుండా చేయవచ్చని రాసుకుంది. అలాంటి పరికరాన్ని ముట్టుకోకపోవడమే మంచిది.

ఇక ఇది చదువుకు ఏం పనికొస్తుందంటారా? ఆపరేటింగ్ సిస్టమ్ అంటే ఏమిటని పరీక్షలో అడిగితే మన పిల్లలు బట్టీ పట్టిన జవాబు తప్పు లేకుండా రాస్తారు. ఓఎస్ లేని కంప్యూటర్ ముందు కూర్చోబెడితే మాత్రం తెల్లమొహం వేస్తారు. బూట్ మెనూ తెరవడం, డిస్కును భాగాలుగా విడగొట్టడం, ఇమేజ్ ఫైల్‌ను పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించడం చేతితో చేస్తేనే వస్తాయి. ఈ విద్య ఆటలతో ఆగదు. విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. లాక్‌డౌన్ ఆన్‌లైన్ క్లాసుల కోసం కొన్న పాత ల్యాప్‌టాప్ మూలన పడి ఉంటే, దానిలో లినక్స్ వేసి మళ్లీ వాడుకలోకి తెచ్చే పని మీ అమ్మాయో అబ్బాయో చేయగలరు. హైదరాబాద్‌లోని స్వేచ్ఛ సంస్థ తెలుగులో పనిచేసే లినక్స్‌ను రూపొందించింది, బడి పిల్లల కోసం బాల స్వేచ్ఛను తెచ్చింది. కేరళ ప్రభుత్వ పాఠశాలలు ఏళ్లుగా లినక్స్‌తోనే పాఠాలు చెబుతున్నాయి.

"ఇదంతా ఇంకాసేపు ఆడుకోవడానికి సాకు" అని మీరనవచ్చు. కొందరి విషయంలో అది నిజమే. అందుకే షరతులు.

మొదటి షరతు: ఏం చేయబోతున్నారో, తేడా వస్తే వెనక్కి ఎలా రావాలో ఒక కాగితం మీద రాసి, మీకు ఇంట్లో మాట్లాడే తెలుగులో వివరించాలి. అమ్మకు అర్థమయ్యేలా చెప్పలేకపోతే తనకూ అర్థం కానట్టే.

రెండోది: ముందు బ్యాకప్. విండోస్ పరికరమైతే బిట్‌లాకర్ రికవరీ కీ రాసి పెట్టుకోవాలి. అది లేకుండా సెట్టింగులు మారిస్తే లోపలున్న ఫైళ్లు తెరుచుకోకపోవచ్చు. ఆలైలో ఇంటర్నెట్ ద్వారా విండోస్‌ను తిరిగి తెచ్చుకునే క్లౌడ్ రికవరీ ఉంది, కానీ అందులో దాచిన ఫైళ్లు దానితో తిరిగి రావు. వారంటీ నిబంధనలు మీరు స్వయంగా చదవండి.

మూడోది: తొలి ప్రయోగం కొత్త పరికరం మీద వద్దు. పాత ల్యాప్‌టాప్‌లో పెన్‌డ్రైవ్ నుంచే లినక్స్‌ను నడిపి చూడమనండి. ఇన్‌స్టాల్ నొక్కనంతవరకు లోపలి డిస్కుకు ఏమీ కాదు.

నాలుగోది అన్నిటికన్నా ముఖ్యం. విండోస్‌లో మీరు పెట్టిన సమయ పరిమితులు, వయసు నియంత్రణలు ఓఎస్ మారగానే పోతాయి. కొందరు పిల్లల తొందరకు అసలు కారణం ఇదే కావచ్చు. స్టీమ్ ఖాతాలో కుటుంబ నియంత్రణలు వేరేగా ఉన్నాయి. వాటిని పెట్టిన తర్వాతే పరికరం చేతికివ్వండి. వాలొరాంట్, ఫోర్ట్‌నైట్ వంటి ఆటలు లినక్స్‌లో నడవవని కూడా ముందే చెప్పండి. ఆ మాట వినగానే కొందరి ఉత్సాహం చల్లారుతుంది. చల్లారకపోతే ఆసక్తి నిజమైనదని తెలుసుకోండి.

పరీక్షల నెలలో మాత్రం ఈ ముచ్చట వద్దు. సెలవుల్లో, పగటిపూట, మీరు పక్కన కూర్చున్నప్పుడే చేయనివ్వండి. మీకు ఏమీ తెలియకపోయినా ఫర్వాలేదు, అడుగుతూ ఉండండి. అనుమానముంటే పిల్లలు రాసిన కాగితంతో ల్యాబ్‌కు రండి, ముగ్గురం కలిసి చూద్దాం. వద్దంటే పిల్లలు ఎలాగూ ఫోన్‌లో వీడియో చూసి మీకు తెలియకుండా చేస్తారు. మీ ముందు, మీ షరతులతో చేస్తే మీ పైసలూ దక్కుతాయి, వాళ్లకు విద్యా వస్తుంది.