బకెట్ కాదు, మనిషి వరుసలో ఉండాలి



పరిశుభ్రంగా ఉండాలని మన గోడపత్రికలో చాలాసార్లు రాశారు. బాగుంది. కానీ పరిశుభ్రంగా ఉండాలంటే ముందు నీళ్లు అందాలి కదా. పొద్దున స్నానాల గదుల దగ్గర జరిగే గొడవ గురించి నా అభిప్రాయం రాస్తున్నాను. ఇది ఎవరి మీదా చాడీ కాదు.

గొడవ పొద్దున కాదు, రాత్రే మొదలవుతుంది. పడుకునే ముందే కొందరు బకెట్లు తెచ్చి వరుసగా పెట్టేస్తారు. 5 గంటలకు లేచి వచ్చిన ఐదో తరగతి పిల్ల ఆ బకెట్ల వెనకాల నిలబడాలి. ఒక బకెట్ అంటే ఒక మనిషి కూడా కాదు, నలుగురు స్నేహితులు. వాళ్లు తాపీగా 6 గంటలకు వస్తారు. బకెట్ జరిపితే తిట్లు, జరపకపోతే స్నానం లేదు. చిన్నపిల్లలు ఉత్త మొహం కడుక్కుని ప్రార్థనకు వస్తే అక్కడ మళ్లీ తిట్లు.

లెక్క చేసి చూద్దాం. మనం 240 మందిమి. స్నానాల గదులు 10. అందులో రెండింటికి లోపల గడియ లేదు, వాటిలోకి ఎవరూ పోరు. మిగిలినవి 8. ఒక్కో గదికి 30 మంది. 5 నుంచి ఏడున్నర దాకా 150 నిమిషాలు. అంటే మనిషికి 5 నిమిషాలు. ఒకరు లోపలే బట్టలు కూడా ఉతుక్కుని 20 నిమిషాలు ఉంటే, ఇంకో ముగ్గురి టైము తీసుకున్నట్టే. ఆ ముగ్గురూ ఎప్పుడూ చిన్న తరగతుల వాళ్లే అవుతున్నారు.

స్నానం ఒక్కటే అయితే సర్దుకుపోవచ్చు. మరుగుదొడ్ల దగ్గర కూడా ఇదే తంతు. అందుకని కొందరు చెల్లెళ్లు సాయంత్రం నుంచి నీళ్లు తాగడమే మానేస్తున్నారు. నాకు భయం ఇక్కడే. మన ఆదివాసీల్లో సికిల్ సెల్ జబ్బు ఎక్కువ. దాని నిర్మూలనకు 2023 జూలైలో కేంద్ర ప్రభుత్వం ఒక మిషన్ కూడా మొదలుపెట్టింది. ఆ జబ్బు ఉన్నవాళ్ల ఒంట్లో నీళ్లు తగ్గితే ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగి సన్న రక్తనాళాల్లో అడ్డుపడతాయి. భరించలేని నొప్పి వస్తుంది. జబ్బు లేనివాళ్లకైనా నీళ్లు తాగక, ఆపుకుని ఉంటే మూత్రంలో మంట, జ్వరం రావచ్చు. సిక్ రూములో పడుకున్న పిల్లను ఏం తిన్నావని అడుగుతాం. నీళ్లు తాగావా అని అడగం.

పదో తరగతి అక్కలు మాకు పబ్లిక్ పరీక్షలు అంటారు. నిజమే, వాళ్లకు ముందు వంతు ఇవ్వాలి. కానీ మేము ఇవ్వడం వేరు, వాళ్లు తీసుకోవడం వేరు. "చిన్నప్పుడు మేమూ పడ్డాం" అనే మాట మాత్రం నేను ఒప్పుకోను. పడ్డవాళ్లకే కదా ఆ బాధ తెలిసేది.

ఎండాకాలం మా ఊరి వాగు ఎండితే ఇసుకలో చెలమ తీస్తాం. నీళ్లు మెల్లగా ఊరుతుంటే సొరకాయ బుర్రతో తోడి బిందె నింపుకోవాలి. అక్కడ ఖాళీ బిందె పెట్టి ఇంటికి పోతే వంతు ఉండదు. వచ్చి కూర్చున్నవాళ్లదే వంతు. చంటిపిల్ల తల్లి వస్తే ముందు ఆమెకు వదులుతారు. మా అమ్మ బడికి పోలేదు. ఆ రూలు ఎక్కడా రాసి లేదు. అయినా చెలమ దగ్గర నడుస్తుంది. చదువుకునే మన దగ్గర ఎందుకు నడవదు?

నా సూచనలు ఇవి:

1. రాత్రి పెట్టిన బకెట్లకు వంతు లేదు. మనిషి ఉంటేనే వంతు.
2. ముందు పదో తరగతి, తర్వాత చిన్న తరగతులు, చివర ఎనిమిది, తొమ్మిది తరగతుల వాళ్లం.
3. బట్టలు సాయంత్రం, బయట బండ దగ్గరే ఉతకాలి.
4. కడుపునొప్పి, నెలసరి ఉన్నవాళ్లు అడిగితే కారణం అడక్కుండా ముందు వదలాలి.

వార్డెన్ మేడమ్ గారికి ఒక మనవి. మేము కొత్త గదులు అడగడం లేదు. రెండు గడియలు పెట్టిస్తే గదులు 10 అవుతాయి, మనిషికి 6 నిమిషాలు దాటి వస్తుంది. రాత్రే మోటారు వేయించి ట్యాంకు నింపి ఉంచితే ఇంకా మేలు.

పండక్కి ఇంటికి పోయిన పిల్ల తిరిగి రాకపోతే చదువు మీద ఇష్టం లేదని అనుకుంటాం. నల్లా దగ్గర రోజూ ఏడ్చి పోయిందని ఎవరూ రాయరు. అట్లా ఒక్క చెల్లి కూడా పోకూడదు. ఈ రాత్రి నుంచే బకెట్లు మంచాల కింద పెట్టుకుందాం.

- 9వ తరగతి విద్యార్థిని