రాయబారికో లెక్క, పాఠకుడికో లెక్క



మనలో రాజకీయ చర్చ మొదలైతే చాలు, ఫలానా విలేఖరి నిష్పాక్షికం, ఫలానావాడు అమ్ముడుపోయాడు అని తీర్పులిచ్చేస్తాం. అసలు నిష్పాక్షికత అంటే ఏమిటి? వాల్టర్ డ్యూరాంటీ ఉదంతం చూడండి.

ఈయన 1922 నుంచి 1936 వరకు మాస్కోలో న్యూయార్క్ టైమ్స్ విలేఖరి. స్టాలిన్ ఇంటర్వ్యూ సంపాదించిన ఘనుడు. 1931లో రాసిన వ్యాసాలకు 1932లో పులిట్జర్ బహుమతి కూడా అందుకున్నాడు. 1932-33లో ఉక్రెయిన్‌లో లక్షలాది రైతులు తిండి లేక చనిపోయారు. గారెత్ జోన్స్ అనే 27 ఏళ్ల వేల్స్ యువకుడు అక్కడి పల్లెల్లో కాలినడకన తిరిగి, 1933 మార్చి 29న బెర్లిన్‌లో ఆ కరువు సంగతి లోకానికి చెప్పాడు. రెండు రోజులకే డ్యూరాంటీ ఖండించాడు: ఆహార కొరత నిజమే, పోషకాహారం లేక జబ్బులతో చావులూ నిజమే, కానీ ఆకలిచావులు మాత్రం లేవట!

ఎంత తూకంగా ఉందో చూశారా? ‘ఆకలిచావులు కావు, అనారోగ్య మరణాలు’ అనే మాట మన ప్రాంతంవాళ్లకూ కొత్త కాదు.

పోనీ ఆయనకు తెలియదా? అదే ఏడాది సెప్టెంబరులో మాస్కోలోని బ్రిటిష్ రాయబార కార్యాలయం లండన్‌కు పంపిన నివేదిక ప్రకారం, కోటి మంది దాకా చనిపోయి ఉండవచ్చని డ్యూరాంటీయే చెప్పాడు. పాఠకుడికి మాత్రం ఆ లెక్క చెప్పలేదు.

సెన్సార్ ఉండేది కదా అని కొందరు వెనకేసుకొస్తారు. ఉండేది. అయినా మాల్కం మగ్గరిడ్జ్ దౌత్య సంచిలో వార్తలు పంపి మాంచెస్టర్ గార్డియన్‌లో అచ్చు వేయించాడు. డ్యూరాంటీకి మాస్కోలో మకాం, పెద్దల దర్శనం ముఖ్యమయ్యాయి. వీసా కోసం మనిషి ఎంత నోరు మూసుకుంటాడో మనకు ఒకరు చెప్పాలా?

జోన్స్ 30 ఏళ్లు నిండకుండానే 1935లో ఇన్నర్ మంగోలియాలో హత్యకు గురయ్యాడు. డ్యూరాంటీ బహుమతి మాత్రం పదిలం. ఆ 1931 వ్యాసాల్లో ఉద్దేశపూర్వక మోసానికి స్పష్టమైన ఆధారం లేదంటూ 2003లో పులిట్జర్ బోర్డు దాన్ని రద్దు చేయడానికి నిరాకరించింది. ఇది సాంకేతిక సాకు తప్ప న్యాయం కాదని నా అభిప్రాయం.

సర్వర్ పడిపోయిందని ఒకరు, లేదని ఒకరు అంటే మనం ఇద్దరి మాటలూ రాసుకుని ఇంటికి పోతామా? లాగ్ తెరిచి చూస్తాం. విలేఖరి పనీ అంతే. నాకూ ఒక పక్షం ఉంది, దాచను. విలేఖరికీ ఉండొచ్చు. కానీ వెళ్లి చూశాడా, తెలిసింది రాశాడా అన్నవే అడగాల్సిన ప్రశ్నలు. మనకు నచ్చేలా రాశాడా అన్నది కాదు.